సీతాఫలాల బుట్ట మీద అడ్డగీతలు

అబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణం పైన, రేకుల గదిలో మా డ్రాయింగు మాస్టారి క్లాసు. ఆయనంటే నాకు ఇప్పటికీ ఒళ్ళుమంటే. పోయిన మనిషి మీద ఇంకా కోపమెందుకంటారు మా ఇంట్లో. పోతే మాత్రం?

రాష్ట్రం ఏర్పడ్డాక నాన్న ఉద్యోగంతో గుంటూరు నుంచి వచ్చి నాంపల్లిలో అద్దెకున్నాం. "ఆయన మన వైపు మనిషే, అమ్మాయిని పంపొచ్చు" అని నాన్న తేల్చేశాడు. మన వైపు మనిషైతే చాలు, గుణం సంగతి ఎవరూ అడిగేవారు కాదు.

లినోలియం మీద బొమ్మ చెక్కి కాగితాల మీద అచ్చు తీసే పని మాత్రం ఆయనకొచ్చు, కాదనను. లినోలియం అంటే ఆఫీసుల్లో నేలకి పరిచే దళసరి పట్టా, దాని ముక్కే మా పలక. చలికాలం బిరుసెక్కుతుంది. కాసేపు ఎండలో పెడితే ఉలికి లొంగుతుంది. ఉలిని ముందుకే తొయ్యాలి, రెండో చెయ్యి ఎప్పుడూ దాని వెనకే ఉండాలి. వంపు తిరగాలంటే ఉలిని కాదు, పలకని తిప్పాలి. చెక్కేసిన చోటు తెల్లగా మిగులుతుంది, చెక్కనిచోటే సిరా పట్టుకుంటుంది. పైన కాగితం పరిచి గరిటె వెనకభాగంతో రుద్దాలి. ఇదంతా తిడుతూనే నేర్పాడు. "అవి చేతులా, రోకళ్ళా?" అనేవాడు అందరి ముందూ.

మొదటిరోజే ఇంకోటి చెప్పాడు. కావలసినన్ని ప్రతులు తీశాక పలక మీద మూల నుంచి మూలకి రెండు అడ్డగీతలు చెక్కెయ్యాలి, అప్పుడిక ఎవరూ దొంగచాటుగా అచ్చు వెయ్యలేరని. మా పలకల మీద మాత్రం గీయనిచ్చేవాడు కాదు. భద్రంగా ఉంటాయంటూ తన బీరువాలో పెట్టుకునేవాడు.

వాటిలో ఒకటి నాకు ప్రాణం. నాంపల్లి స్టేషన్ బయట సీతాఫలాలమ్మే ఆవిడ బుట్ట, దాని మీద ఆవిడ చెయ్యి. కాయల మీద కళ్ళన్నీ చెక్కేసరికి సీజనే అయిపోయింది. దాని ప్రతులన్నీ ఎగ్జిబిషన్‌కి పంపుతానని ఆయనే తీసుకున్నాడు.

కొత్త సంవత్సరం ముందు అమ్మతో సుల్తాన్ బజార్ వెళ్తే, బట్టల దుకాణం గోడకి క్యాలెండరు. దాని మీద నా సీతాఫలాల బుట్ట. కింద మాస్టారి సంతకం.

"సార్ గీసిండమ్మా. ఏటా గిట్లనే తెస్తడు. ఇంక కొన్ని గావాలన్నం, రేపిస్తనన్నడు" అన్నాడు దుకాణదారు.

అమ్మ నా చెయ్యి గిల్లింది. మనవాళ్ళతో గొడవెందుకు, ఊరుకోమని. నేను ఊరుకోలేదు. అమ్మని బస్సెక్కించి నేరుగా క్లాసుకి పోయాను.

నా పలక బల్ల మీదే ఉంది, సిరా పూసి.

"బొమ్మ నాదైతే సంతకం మీదెలా అయింది మాస్టారూ?"

ఆయన తలెత్తలేదు. "ఉలి నాది, సిరా నాది, నేర్పింది నేను. ఇందులో నీదేముంది? పదిమందీ చూస్తున్నారు కదా, సంతోషించు."

ఉలి అందుకున్నాను. కాయల మీదుగా, ఆవిడ చేతి మీదుగా, మూల నుంచి మూలకి. చెక్కుతుంటే ఏడుపొచ్చింది, అయినా ముందుకే తోశాను. ఆయన లేచొచ్చి నా చెయ్యి పట్టుకునేసరికి రెండో గీత కూడా పూర్తయింది.

"నీకు పిచ్చా?" అని అరిచాడు.

"మీరు నేర్పిందే" అన్నాను. చెయ్యి విడిపించుకుని, అక్కడున్న కాగితం పలక మీద పరిచి రుద్ది, ఆ తడి బొమ్మ పట్టుకుని మెట్లు దిగిపోయాను.

ఆ బుట్టది నా దగ్గరున్న ప్రతి అదొక్కటే. మా ముందుగదిలో గోడకి ఉంది. వచ్చినవాళ్ళు, ఇంత చక్కటి బొమ్మని ఎవరండీ ఇలా పాడుచేసిందని అడుగుతారు. కిందున్న నా సంతకం చూపిస్తాను.