మట్టి తాకని జోడు

ఆ కాగితం మీద పెన్సిలు గీత ఎక్కడా వణకలేదు.

సామ్యేలు దాన్ని మొదట షెడ్డు లోపల చూశాడు. తరువాత గుమ్మంలోకి వచ్చి ఎండలో పట్టి చూశాడు. మడమ దగ్గర బయలుదేరిన గీత చిటికెన వేలిని చుట్టి, బొటనవేలి మీదుగా వంగి, అరికాలి వంపు వెంట జారి, ఏ తొట్రుపాటూ లేకుండా మళ్లీ మడమను చేరుకుంది.

“మావయ్య కొలతే. నేనే గీశాను,” అన్నాడు ఎదురుగా బండి మీద కూర్చున్న విజయ్ పాల్, రాజరత్నం మాస్టారి మేనల్లుడు. “నల్ల బూట్లు, లేసులవి. శుక్రవారం పొద్దుటికి కావాలి.”

“ఇవాళ బుధవారం కదండీ!”

“అందుకేగా పొద్దున్నే వచ్చింది. ఆదివారం చర్చికి నడిచి వస్తానంటున్నాడు. కొత్త బూట్లు కావాలని ఒకటే గోల.”

“మాస్టారు లేచేరాండి?” సామ్యేలు మొహం విప్పారింది. “అయితే నేనొచ్చి కొలత తీసుకుంటానండి. మంచం పట్టిన మనిషికి కాలు తగ్గుద్ది.”

“వద్దొద్దు. ఇన్ఫెక్షనట, డాక్టరు ఎవర్నీ రానివ్వొద్దన్నాడు. ఉన్న కొలతతో కుట్టెయ్.”

బండి రైసుమిల్లు మలుపు తిరిగి మాయమైంది. సామ్యేలు కాగితం పట్టుకుని లోపలికి వెళ్లి, రేకు పెట్టె మూత తీశాడు.

సామ్యేలు మండపేటలో చెప్పులు కుట్టడం మొదలుపెట్టి నలభై ఐదేళ్లయింది. ఏడో తరగతితో చదువు మానేసి తాత పక్కన కూర్చున్నవాడు, తాత నేర్పిన కొలత పద్ధతిని ఒక్కనాడూ తప్పలేదు. మనిషిని కాగితం మీద నిలబెట్టాలి. కూర్చోబెట్టి తీసుకున్న కొలత అబద్ధం చెబుతుంది. ఒంటి బరువు పడినప్పుడే పాదం తన అసలు వెడల్పు బయటపెడుతుంది. చుట్టూ గీత గీసి, పేరూ తేదీ రాసి, కాగితాన్ని రేకు పెట్టెలో దాచాలి. పోయినవాళ్లవీ, ఊరు వదిలినవాళ్లవీ కూడా అందులో భద్రంగా ఉన్నాయి. ప్రభుత్వ కార్యాలయాల్లో పుట్టిన తేదీలు చెదలు తినేశాయని జవాబు వచ్చే ఈ రోజుల్లో, ఒక రేకుల షెడ్డులో నాలుగు దశాబ్దాల పాదాలు చెక్కుచెదరకుండా ఉండడం ఎవరూ గుర్తించని విషయం.

ఆ పెట్టెలో రాజరత్నం మాస్టారివే ముప్ఫై ఎనిమిది కాగితాలున్నాయి.

రాజరత్నం గారు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగంలో ఉండగా పిల్లల్ని తీసుకుని ఎక్కడో ఒక మ్యూజియం చూడడానికి వెళ్లి, అద్దాల పెట్టెలో ముత్యాలు కుట్టిన జోడు చూసి, అక్కడి ఉద్యోగితో గొడవ పడి వచ్చారు. తిరిగి వచ్చిన సాయంత్రమే సామ్యేలు షెడ్డులోకి దూసుకొచ్చారు.

“రాజుగారి పాదరక్షలు అని రాసి పెట్టారయ్యా! రాజుగారికి కుట్టడం వచ్చా? కుట్టినవాడి పేరేదీ అంటే, తెలీదండీ అంటాడు. తెలుసుకోడానికి ఎవడు ప్రయత్నం చేశాడు? నువ్వు కుట్టు. ప్రపంచంలో ఉన్న జోళ్లన్నీ కుట్టు. పేరు నేను రాస్తాను.”

అలా ఇరవై రెండేళ్లు గడిచాయి. మాస్టారు పుస్తకాల్లోంచి బొమ్మలు గీసి తెచ్చేవారు. సామ్యేలు దొరికిన సరుకుతో తయారుచేసేవాడు. ఈజిప్టు వాళ్ల రెల్లు చెప్పులకు కాలవ గట్టున పెరిగే జమ్ము కోసుకొచ్చి అల్లాడు. రోము సిపాయిల చెప్పులకు అడుగున వరుసగా మేకులు దిగ్గొట్టాడు. ఒకప్పుడు పాలకొల్లులో వ్యాపారం చేసిన డచ్చివాళ్ల చెక్క బూట్లు, జపానువాళ్ల రెండు పళ్ల చెక్క చెప్పులు, సన్యాసుల పాంకోళ్లు, ముక్కు పైకి తిరిగిన పంజాబు జోళ్లు, మంచుదేశపు వాళ్ల సీలు జంతువు తోలు మేజోళ్లకు బదులు మేకతోలు మేజోళ్లు, అన్నీ అతని చేతుల మీదుగా వచ్చాయి. చీనా ఆడవాళ్ల పాదాలు కట్టేసి తొడిగిన మూడంగుళాల బుల్లి జోడు దగ్గర మాత్రం ఇద్దరికీ వాదన జరిగింది.

“ఇది మీ సైజులో కుడితే చీనా జోడెలా అవుద్దండి?”

“నా సైజులోనే కుట్టు. పక్కన అసలు సైజు గీసి పెడతాను. మనిషి పాదమెంత, మనిషి చేసిన ఘోరమెంత, రెండూ చూస్తారు.”

ప్రతి జోడూ తన కొలతకే ఉండాలన్నది మాస్టారి పట్టుదల. కుట్టడం పూర్తయ్యాక వారం రోజులు ఇంట్లో దాన్నే తొడుక్కుని తిరిగేవారు. ఆ తరువాతే హాలులో బల్ల మీద పెట్టి, దేశం, కాలం రాసి, అడుగున “చేసినవాడు: సామ్యేలు, మండపేట” అని చీటీ అంటించేవారు. ప్రతిసారీ కొత్తగా కొలత తీసుకోవలసిందే. ప్రతిసారీ పెన్సిలు అరికాలి గుంట దగ్గరకు రాగానే ఆయన చిన్నపిల్లాడిలా మెలికలు తిరిగిపోయేవారు.

“చాలయ్యా, చాలు! చక్కిలిగింతలతో చంపేసేటట్టున్నావు.”

అందుకే ముప్ఫై ఎనిమిది కాగితాల్లోనూ ఆ చోట గీత ఎగిరిపడి ఉంది. ముప్ఫై తొమ్మిదో దానిలో లేదు. పాదం వెడల్పు కూడా తగ్గింది. బరువు మోయని కాలు అది.

‘పడుకోబెట్టి గీశారు. నెలరోజుల జబ్బు. స్పర్శ తగ్గి ఉంటుంది,’ అని సామ్యేలు తనకు తాను చెప్పుకున్నాడు. కాని ఆ నల్ల బూట్ల మాట అతని గుండెలో ములుకులా ఉండిపోయింది.

సామ్యేలూ మాస్టారూ ఉండే పేటలో నల్ల లేసు బూట్లు ఒక్క సందర్భానికే కుడతారు. తాతల కాలంలో ఆ పేటవాళ్లు తాము కుట్టిన చెప్పుల్ని తామే చేత్తో పట్టుకుని, ఉత్తకాళ్లతో పెద్దవీధి దాటవలసి వచ్చేది. తొడుక్కుని నడిచినందుకు ఒకతన్ని కట్టేసి కొట్టారు. ఆ మనిషే తరువాత చర్చిలో సంఘపెద్ద అయ్యాడు. “దేవుడి దగ్గరికి మాత్రం బూట్లతో పోతాను,” అని చెప్పి చనిపోయాడు. అప్పటినుంచి సంఘపెద్దల్ని శవపెట్టెలో కొత్త బూట్లతో పడుకోబెడతారు. మాస్టారూ సంఘపెద్దే. ఆ జోడు కొలిచి కుట్టిందై ఉండాలి, దాని అడుగు మట్టిని తాకి ఉండకూడదు. బజార్లో కొన్న బూట్లు తొడిగితే ఆ కుటుంబాన్ని పేట క్షమించదు. ఆ సంగతి పట్నంలో పెరిగిన విజయ్ పాల్‌కీ తెలుసు. కుట్టడానికి రెండు రోజులు పడుతుందనీ తెలుసు.

బుధ, గురువారాలు సామ్యేలు తోలు కుట్టే ఆరె కింద పెట్టలేదు. మాస్టారు బతికే ఉంటే నడవడానికి పనికొచ్చేలా గట్టి తోలు అడుగు కుట్టాడు. పని చేస్తూ చేస్తూ ఒకసారి తలెత్తి చూశాడు. పూర్తయిన ఎడమ బూటు తాను పెట్టిన చోటనే ఉంది గాని, దాని ముక్కు గుమ్మం వైపు తిరిగి ఉంది. తానే తిప్పి ఉంటాననుకున్నాడు. సరిచేశాడు. తరువాత మళ్లీ అటు చూడకుండా కుట్టాడు.

శుక్రవారం పదిగంటలకు మాస్టారింటి తలుపు విజయ్ పాల్ భార్య ప్రిస్కిల్లా తీసింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. డిసెంబరు నెల, కాలవ మీదినుంచి వచ్చే గాలికే జనం స్వెట్టర్లు వేసుకుంటున్నారు. ఆ ఇంట్లో మాత్రం ఏసీ హోరుమంటోంది.

“జోడు ఇచ్చేసి వెళ్లండి అన్నయ్యగారూ, పడుకున్నారు,” అంది చిన్నగా.

“లోపలికి రానీ,” అన్నాడు విజయ్ పాల్ వెనకనుంచి. “సామ్యేలుతో పనుంది.”

పడగ్గదికి హాలులోంచే వెళ్లాలి. గోడల వెంట పొట్టి బల్లల మీద ముప్ఫై ఎనిమిది జోళ్లు మధ్యకు మొహం పెట్టి నిలబడి ఉన్నాయి. సామ్యేలు వాటిని వందసార్లు చూశాడు, ఎప్పుడూ ఇలా అనిపించలేదు. రోము చెప్పులోనూ, రెల్లు చెప్పులోనూ, జపాను చెక్కమీదా అదే గుంట: కుడి బొటనవేలు కాస్త లోపలికి తిరిగిన మాస్టారి గుంట. ముప్ఫై ఎనిమిది మంది నిలబడినట్టు లేదు. ఒకే మనిషి ముప్ఫై ఎనిమిది కాలాల్లో నిలబడి, తల లేకుండా, ఒళ్లు లేకుండా, తన వైపే చూస్తున్నట్టుంది.

పడగ్గదిలో యూకలిప్టస్ నూనె వాసన గుప్పుమంది. దాని కింద మరో వాసన ఉంది. మాస్టారు గోడవైపు తల తిప్పి, మెడదాకా దుప్పటి కప్పుకుని ఉన్నారు. తెల్లటి మేజోళ్లతో పాదాలు మాత్రం బయట ఉన్నాయి. మంచం కింద గచ్చు తడిగా ఉంది. ఆ తడిలో వరి ఊక అంటుకుని ఉంది. ఐసు దిమ్మలకు చుట్టే ఊక.

“మావయ్య కొత్త వీలునామా రాశాడు,” అని విజయ్ పాల్ జేబులోంచి టైపు కాగితం తీశాడు. “రాజమండ్రిలో టైపు చేయించి నిన్ననే తెచ్చాను. ఇల్లూ హాలూ నా పేర. ఇందాకే వేలిముద్ర వేశాడు. సాక్షిగా నువ్వు సంతకం పెట్టు.”

“ఇవన్నీ స్కూలుకి రాసేరు కదండీ?”

“మనసు మార్చుకున్నాడు. నిన్ను మావయ్య ఎంత నమ్మేడో ఊరందరికీ తెలుసు. నీ సంతకం ఉంటే ఎవరూ నోరెత్తరు.” గొంతు తగ్గించాడు. “నేను మరీ అంత చెడ్డవాణ్ణి కాదు. హాలు పడగొట్టి గోడౌను కడతాను గాని, ఆ జోళ్లన్నీ నువ్వే పట్టుకుపో. చీటీలతో సహా. నీ పేరు నీకే ఉంటుంది. సంతకం పెట్టకపోయావా, ఈ సాయంత్రానికి పెంటకుప్ప మీదుంటాయి.”

సామ్యేలు గుమ్మంలోంచి హాలు వైపు చూశాడు. ఇరవై రెండేళ్ల పని అది. లోకంలో అతని పేరు రాసి ఉన్న చోటు ఆ హాలొక్కటే.

“ముందు బూట్లు తొడిగి చూడాలండి,” అన్నాడు.

“మేజోళ్లు తియ్యకండి!” అంది ప్రిస్కిల్లా. సామ్యేలు అప్పటికే తీసేశాడు.

నలభై ఐదేళ్లు చర్మంతో బతికిన చెయ్యి అది. ఒంటిమీద ఉన్న చర్మానికీ, ఒంటిది కాకుండా పోయిన చర్మానికీ తేడా దానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా సామ్యేలు చెవిమీది పెన్సిలు తీశాడు. తీసి, మాస్టారి అరికాలి గుంటలో మడమ నుంచి వేళ్లదాకా మెల్లగా గీశాడు.

ఏమీ కాలేదు.

సరిగ్గా అప్పుడే హాలులో చెక్కచెప్పు నేలమీద మోపినట్టు టక్కుమంది. కాసేపాగి, కొంచెం దగ్గరగా, మరోసారి టక్కుమంది. ప్రిస్కిల్లా చెంగు నోట్లో కుక్కుకుంది.

“చలికి పాంకోళ్లు పగులుతున్నాయి, అంతే,” అన్నాడు విజయ్ పాల్. అన్నాడే గాని గుమ్మం వైపు చూడలేదు.

“మాస్టారు ఎప్పుడు పోయేరండి?”

“పిచ్చెక్కిందా? మందు మత్తులో...”

“మంగళవారం సాయంత్రమండి,” అంది ప్రిస్కిల్లా, ఏడుస్తూ. “నేనింక ఈ గదిలో ఉండలేనండి. ఆ హాల్లో...”

“నోర్ముయ్!”

సామ్యేలు మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మాస్టారికి మేజోళ్లు తొడిగి, బూట్లు తొడిగి, లేసులు ముడివేశాడు. వాటి అడుగును అరచేత్తో తుడిచాడు. అప్పుడు లేచాడు.

“సంతకం?” అన్నాడు విజయ్ పాల్.

“పోయినాయన ఇందాక వేలిముద్ర వేశాడని రాయమంటారాండి? ఆ జోళ్లు పెంట మీద పడేసుకోండి. చేసినవాణ్ణి నేను, కాదని ఎవరూ అనలేరు. మంగళవారం పోయిన మనిషిని శుక్రవారం బతికించింది కూడా నేనేనని మాత్రం నా పేరు మీద ఉండకూడదండి.”

హాలు దాటుతున్నప్పుడు అతడు కుడివైపు గాని, ఎడమవైపు గాని చూడలేదు. వెనుక ఎవరో నడిచి వస్తున్నట్టే ఉంది. వీధి దాటితే చర్చి. పాస్టరుగారు ఊళ్లో లేరు. గంట కొట్టే రత్నమాణిక్యం మెట్లు కడుగుతోంది.

“చావుగంట కొట్టమ్మా, మాస్టారికి.”

ఆమె చీపురు వదిలేసింది. “అయ్యో! ఎప్పుడు బాబాయ్?”

“మంగళవారం.”

ఆమె గంట తాడు పట్టుకుంది. చావుగంట మెల్లగా, దెబ్బకీ దెబ్బకీ నడుమ ఊపిరి తీసుకునేంత ఎడంతో మోగుతుంది. మూడో దెబ్బకు పేటలో కుట్టుమిషన్లు ఆగాయి. పదో దెబ్బకు జనం వీధిలోకొచ్చి, ఏ ఇల్లని చేతి సైగతో ఒకళ్లనొకళ్లు అడుగుతున్నారు. సామ్యేలు అందరికీ ఒకే మాట చెబుతూ నిలబడ్డాడు: మాస్టారు మంగళవారం సాయంత్రం పోయారు.

విజయ్ పాల్ తలుపు మూయడానికి పరుగెత్తుకొచ్చేసరికే ఆలస్యమైపోయింది. మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్లు లోపలికి నడిచారు. హవాయి చెప్పులు, మిల్లు పొట్టు అంటిన రబ్బరు బూట్లు, స్కూలు టీచర్ల మడమల చెప్పులు, పొలంలోంచి అలాగే వచ్చినవాళ్ల బురద చెప్పులు గుమ్మంలో ఒకదానిమీద ఒకటి పడ్డాయి. విజయ్ పాల్ వంగి వాటిని చేతులతో పక్కకు తోయబోయాడు. తోసిన చోటనే ఇంకొక జత పడింది. సాక్షి గడి ఖాళీగా ఉన్న కాగితం జేబులోంచి జారి ఆ చెప్పుల మధ్య పడింది. ఎవరిదో తడికాలు దానిమీద పడి లోపలికి వెళ్లిపోయింది. తలుపు ఆ రోజంతా తెరిచే ఉంది.