ఉదయగిరి బస్సులో తలపాగా

ఆత్మకూరులో ఉదయగిరి బస్సెక్కాం, నేనూ, నాతో పనిచేసే సిక్కు మిత్రుడు హర్జీత్. పక్క సీట్లోని అవ్వ అతని గడ్డం, తలపాగా చూసి నన్నడిగింది.

"ఏ కొండకు మొక్కుకున్నాడు నాయనా? ఎప్పుడు తీయిస్తాడు?"

"మొక్కు కాదవ్వా. దేవుడిచ్చిన వెంట్రుకలు తీయకూడదని వాళ్ల నమ్మకం."

"దేవుడిచ్చింది దేవుడికి ఇచ్చుకోవాల గదా?"

ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అదే ప్రశ్న. నాకు విసుగొచ్చింది. హర్జీత్ నొచ్చుకుంటాడేమోనని భయం కూడా. ఏమంటోందని అతనే అడిగితే హిందీలో చెప్పేశాను.

అతను నవ్వాడు. "నువ్వు తిరుపతి నుంచి గుండుతో వచ్చినప్పుడు మా అమ్మ కూడా నన్ను విసిగించింది, దేవుడిచ్చింది ఎందుకు తీయించుకున్నాడని."

ఆ మాట అవ్వకు చెప్పాను. అక్కడితో ఊరుకుంటుందనుకున్నాను.

"ఆమె అడిగిందీ సబబుగానే ఉండాది," అంది అవ్వ నావైపు పూర్తిగా తిరిగి. "దానికి నువ్వేం చెప్తావు?"