వదిలిపెట్టడానికి పట్టిన జింక

మీరు ఎప్పుడైనా పుణ్యం కోసం ఒక ప్రాణిని వదిలిపెట్టారా? వదిలేశాక చేతులు కడుక్కుని, తృప్తిగా భోజనం చేశారా? అయితే ఇంకొక్కటి అడుగుతాను: అసలు అది మీ చేతికి ఎలా వచ్చింది?

ఈ ప్రశ్న అడిగే హక్కు నాకు అంతగా లేదు. ఒక చోట ఆ ప్రాణులను రప్పించడానికి ఎరగా చెట్లు పెంచినవాణ్ణి నేనే.

యాంగోన్‌లో, అంటే పాత రంగూన్‌లో, ఇన్సేన్ రైలు కార్ఖానాల వెనక వీధిలో ఎన్నో ఏళ్లుగా మొక్కలకు అంట్లు కట్టి అమ్ముతున్నాను. మా తాత రేవులో మూటలు మోశాడు. సేక్కాన్‌లో కూలీల గదుల మధ్య ఆయనా ఆయన తోటివాళ్లూ ఒక చదువుగది పెట్టుకున్నారు. నా చిన్నతనం దాకా అది నడిచింది. ప్రతి ఆదివారం అక్కడ వాదం జరిగేది: దేవుడున్నాడా, వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చా, కులం అడిగి నీళ్లు పోసేవాడు మనిషేనా. ఆ గదికి ఒక నియమం ఉండేది. ఎదుటివాడి మాటను ఖండించే ముందు ఆ మాటను నువ్వే తిరిగి చెప్పాలి. "అవును, నేనన్నది అదే" అని వాడు ఒప్పుకున్నాకే నీ వంతు. నా చదువంతా అదే. అది నన్ను ఎక్కడ గెలిపించిందో, ఎక్కడ ముంచిందో ఇప్పుడు చెప్తాను.

కొన్నేళ్ల కిందట మా తెలుగు సంఘం పెద్ద నా దుకాణానికి వచ్చాడు. ఇళ్లు కట్టించే కాంట్రాక్టరు. ఊరి శివారు మింగళాడోన్ దాటాక, పొదల అడవికి ఆనుకుని ఆయనకు కొంత నేల ఉంది.

"సయా, జింకలొచ్చే తోట ఒకటెయ్యాలి. ఆపిల్ తోట" అన్నాడు. సయా అంటే ఇక్కడ గురువుగారూ అన్నట్టు. నాతో పని పడినప్పుడే ఆయన నోట ఆ మాట వస్తుంది.

"ఈ ఎండలో ఆపిలేటి? జింకలే కావాలంటే రేగు చెట్లెయ్యండి, ఉసిరెయ్యండి. పరుగెత్తుకొత్తాయి."

"రేగుపళ్లు దారినపోయే పెతీవోడూ తింతాడు. రేగుపండు తినే జింకని సూడ్డానికి ఎవుడొత్తాడు సయా? ఆపిలంటే రోగిష్టోళ్లకి అట్టుకెళ్లే పండు, బుద్ధుడి ముందరెట్టే పండు. దాని దరిజా ఏరు."

"ఇక్కడ కాయదు."

"అందరూ అదే అన్నారు. నువ్వుకూడా అదే అంటావనుకోనేదు."

అక్కడ పడ్డాను. నా పనితనం మీద నాకున్న గర్వాన్ని ఆయన సరిగ్గా గిల్లాడు. జింకలు వస్తే కుటుంబాలు పిల్లలతో వచ్చి చూస్తాయని చెప్పాడు. నమ్మాను. తర్కం నేర్చినవాణ్ణి, ఒక్క ప్రశ్న ఎక్కువ అడగలేదు.

వేడికి తట్టుకునే రకం తెప్పించి ఇరవై నాలుగు మొక్కలు నాటాను. ఎండకు బెరడు పగలకుండా కాండానికి సున్నం పూశాను. మొదట్లో చెద పట్టకుండా వారం వారం తవ్వి చూశాను. ఒక్కో మొక్క చుట్టూ మనిషి ఎత్తున ఇనుప వల చుట్టి, వెదురు గుంజలకు కట్టాను. పక్క ఊరి మేకలు ఒకవైపు, జింకలు ఒకవైపు. లేత చిగురు దొరికితే జింక ఒక్క పూటలో మొక్కను మోడు చేస్తుంది. మగది కొమ్ములు రాసి బెరడు చెక్కేస్తుంది. జింకల కోసం పెట్టిన మొక్కలను మూడేళ్లు జింకల నుంచే కాపాడానన్నమాట.

ఆదివారాలు మా చెల్లి నాతో వచ్చేది. మింగళాడోన్‌లో బట్టల ఫ్యాక్టరీలో ఆమె పని తప్పులు పట్టడం. కుట్టిన చొక్కా మీద వేళ్లు నడిపిస్తే చాలు, తప్పిన కుట్టు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలదు. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోయాడు. అప్పటి నుంచి మేమిద్దరమే ఇంట్లో.

వేడి దేశంలో ఆపిల్ పూయాలంటే ఒక పని చెయ్యాలి. వానలు వెనకబడగానే ఉన్న ఆకులన్నీ చేత్తో దూసెయ్యాలి. ఆకు రాలింది కాబట్టి చలికాలం వచ్చి వెళ్లిందని చెట్టు అనుకుంటుంది. కొన్ని వారాల్లో మొగ్గ తొడుగుతుంది. మొదటిసారి దూస్తున్నప్పుడు చెల్లి చెయ్యి ఆపేసింది.

"ఇదేటి పాపమన్నా? పచ్చగున్న సెట్టుకి గుండు సేత్తన్నావు."

"సలికాలం వొచ్చినాదని దీనికి అబద్దం సెప్తన్నాను. నమ్మితే పూత్తాది."

"అబద్దాలు నమ్మకండని ఊరంతా తిరిగి అరిసేది నువ్వే కదేటి?"

"మనుసులకి సెప్తాను. సెట్టుకి కాదు."

"పాపం సెట్టు" అంది, నవ్వుతూ మళ్లీ దూయడం మొదలుపెట్టింది.

నాలుగో ఏడాది కాయలు నిలిచాయి. నిమ్మకాయలంత, పుల్లగా. జింకలకు అవే పరమాన్నం. ఒక తెల్లవారుజామున వచ్చి చూస్తే ఆ అడవిలో కుక్కలా మొరిగే చిన్న జింకలుంటాయి, వాటిలో ఒకటి చెట్టు కింద నిలబడి ఉంది. ముందు కాలు ఒకటి ఎత్తి పట్టుకుని, రాలిన పండు కొరుకుతోంది. అంత సంతోషం నా జీవితంలో తక్కువసార్లు కలిగింది. అందుకే, తోట చుట్టూ కొత్తగా కట్టిన ఎత్తయిన కంచెను, దానికి పెట్టిన, తాడు వదిలితే పైనుంచి కిందికి పడే ఒకే ఒక్క వాలు తలుపును చూసినా పట్టించుకోలేదు.

ఈ ఊళ్లో పుట్టినరోజుకు ప్రాణులను వదిలే ఆచారం ఉంది. వయసుకన్నా ఒకటి ఎక్కువగా చేపలను నీళ్లలో వదులుతారు, బోనుల్లో పిచ్చుకలను కొని ఎగరేస్తారు. ఆ పిచ్చుకలను పొద్దున్నే వల వేసి పట్టుకొచ్చేవాడు సాయంత్రం మళ్లీ వాటినే పడతాడు. మా తెలుగువాళ్లు దీన్ని బర్మా వాళ్ల దగ్గర నేర్చుకుని, దానికి మన గండాలూ దోషాలూ దిష్టీ కలిపి, ఇంకాస్త పెద్దది చేశారు. పిచ్చుకను ఎవరైనా వదులుతారు. మా పెద్దమనిషి జింకను వదులుతాడు!

మొదటి వేడుక ఆయన భార్య పుట్టినరోజున జరిగింది. పళ్ల కోసం లోపలికి వచ్చిన జింక వెనక తలుపు పడింది. దాన్ని వలతో పట్టి, కాళ్లు పట్టు గుడ్డతో కట్టి, నుదుట పసుపూ కుంకుమా పూశారు. అత్తరు నీళ్లు చిలకరించారు. వచ్చినవాళ్లంతా ఒక్కొక్కరుగా దాని వీపు నిమిరి ఫోన్లతో ఫొటోలు తీసుకున్నారు. దాని డొక్క కొలిమి తిత్తిలా ఎగసిపడుతోంది. కట్టు విప్పగానే అది పొదల్లోకి దూకింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"నిన్న కూడా ఇది అడివిలోనే ఉంది కదండీ" అన్నాను.

"నిన్న ఉట్టినే ఉంది సయా. ఇయ్యేళ దానంగా ఉంది" అన్నాడు పెద్దమనిషి. అందరూ పడీ పడీ నవ్వారు.

ఆ రోజే మానెయ్యవలసింది. మానలేదు. మరుసటి ఏడు మళ్లీ వెళ్లి ఆకులు దూశాను. చెట్లేం పాపం చేశాయని నాకు నేను చెప్పుకున్నాను. నా చేతి చెట్లు పూయకుండా పోతే చూడలేననే అసలు మాట చెప్పుకోలేదు.

ఆ ఏడే, చెట్లు పూతకొచ్చిన రోజుల్లో, అన్నం తింటూ చెల్లి చెప్పింది.

"అన్నా, నా రొమ్ములో రేగ్గింజంత గట్టిగా తగుల్తంది. రెండు నెల్లయినాది."

చొక్కాల్లో తప్పు పట్టే వేళ్లు. అవి పొరబడవని నాకు తెలుసు.

"రేపే ఆస్పత్రికెల్దాం."

"అమ్మెల్లినాది కదా. కోసినారు. తిరిగొచ్చినాదా?"

"అమ్మ రోగం ఏరు."

"కత్తి ఒకటే కదా."

అప్పటికే ఆమె సంఘం పెద్దతో మాట్లాడిందట. గండం ఉందన్నాడట. పుట్టినరోజున ఆమె చేత్తో జింకను విడిపిస్తే పోతుందన్నాడట. పుట్టినరోజుకు మూడు నెలలు. అప్పటికి కాయలు పండుతాయి, జింకలు వస్తాయి. మా చెల్లి తన ఒంట్లో గడ్డను పెట్టుకుని, నేను పెంచిన చెట్టుకు పండ్లు పండేదాకా ఆగింది.

నేనేం చేశాను? వాదించాను. మూడు నెలలు, పూటకొకసారి, అన్ని ఆధారాలతో వాదించాను. నేను మాట్లాడినకొద్దీ ఆమె మొహం మూసుకుపోయేది. రేగ్గింజ పోకచెక్క అయింది.

ఆ రోజు వచ్చింది. జింకను పట్టే సరికే అది సగం చచ్చి ఉంది. నోరు తెరుచుకుని, నాలుక పక్కకు వేలాడుతూ, మెడ వెనక్కి విరిచేసి ఉంది. చెల్లి రెండు చేతులూ దాని మెడ మీద పెట్టి, కళ్లు మూసుకుని ఏదో మొక్కుకుంది. కట్టు విప్పింది. జింక లేచింది. రెండడుగులు వేసి, ముందు కాళ్లు మడతపడి, పడిపోయింది. మళ్లీ లేవలేదు. భయంతోనే దాని గుండె ఆగిపోయింది.

అప్పుడు పెద్దమనిషి చేతులు జోడించి అరిచాడు:

"సూసినారా! గండాన్ని మోసుకుని ఎల్లిపోనాది! బతికితే ఫలం సగమే. ఇదీ ఫలమంటే!"

జనం దండాలు పెట్టారు. మా చెల్లి ఏడుస్తోంది, ఆనందంతో. చనిపోయిన జింక కంటి మీద అప్పుడే ఈగ వాలింది. మతం పేరుతో జరిగే నీచాలు చాలా చూశాను. తమ చేతుల్లో చచ్చిన ప్రాణిని తమ ఆరోగ్యానికి రసీదుగా రాయించుకున్న జనాన్ని మాత్రం అదే మొదటిసారి చూడటం. నాకు అందరి మీదా అసహ్యం వేసింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, చెల్లి మీద కూడా.

అక్కడే మొదలుపెట్టాను. మా చదువుగది పద్ధతిలోనే.

"మీరన్నదేటి? జింక సచ్చింది కాబట్టి గండం పోనాది. అంతేనా?"

"అంతే."

"మరి కిందటేడు మీ ఆడోళ్లు ఒగ్గేసిన జింక బతికిపోనాది. అంటే ఆవిడ గండం ఇంకా ఆవిడ దగ్గిరే ఉందా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన భార్య మొగుడి వైపు గుడ్లురిమి చూసింది. నెగ్గాను. తిరిగి చూస్తే చెల్లి లేదు. ఒక్కతే బస్సెక్కి ఇంటికి వెళ్లిపోయింది.

ఇంటికెళ్లాక అంది: "గెలిసినావు. పదిమందిలో నన్ను పిచ్చిదాన్ని సేసి గెలిసినావు. ఒకటి సెప్పు. నువ్వేదీ నమ్మవు కదా, ఆ సెట్లెందుకు పెంచినావు మరి?"

ఆ రాత్రి అటక మీంచి రంపం దించి పదును పెట్టాను.

మర్నాడు పొద్దున్నే రంపం తీసుకుని తోటకి వెళ్లాను. కాపలావాడు నన్నెరుగును కనుక కొమ్మలు కత్తిరించడానికి వచ్చాననుకున్నాడు. కొన్ని చెట్లకు ఇంకా కాయలున్నాయి. మధ్యాహ్నానికి ఇరవై నాలుగూ మొదళ్లకు కోసేశాను. నేను నాటిన ప్రతి మొక్కా ఎక్కడ అంటు కట్టానో నాకు గుర్తుంది, ఆ ముడికి కింద కోశాను. మళ్లీ ఆపిల్ చిగురు రాకుండా. వాలు తలుపు ఊడబెరికి పడేశాను.

కబురందుకుని పెద్దమనిషి కారులో వచ్చాడు. నీకు పుట్టగతులుండవన్నాడు, పోలీసులన్నాడు. "పిలవండి. అడివి జింకల్ని పడతన్న సంగతి కూడా వాళ్లకి సెప్దాం" అన్నాను. చిందులు తొక్కి వెళ్లిపోయాడు. సంఘం నుంచి నన్ను వెలివేశారు. అందులో నాకు పోయిందేమీ లేదు.

ఫ్యాక్టరీ వదిలాక చెల్లి వచ్చింది. మొద్దుల మధ్యకి వచ్చి ఒక కోత మీద వేళ్లు నడిపించింది.

"మరింక జింకలు రావేటి?"

"రావు."

"నాకు ఇంకోటి ఒగ్గాలంటే?"

"నేదమ్మా."

కింద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. నోటిదాకా వంద మాటలు వచ్చాయి. మింగేశాను.

"రేపు నాతో రా. లోపలిదాకా నీతోనే ఉంతాను. ఒక్క ముక్క మాటాడను."

"నువ్వా? మాటాడకుండా?"

"ఒట్టు."

"ఒట్లు నమ్మవు కదేటి నువ్వు" అంది. పెదవి చివర కాస్త నవ్వు వచ్చింది. "సర్లే. నువ్వు నోర్మూసుకుని కూకుంటే ఎలాగుంతాదో సూడ్డానికైనా వొత్తాను."

ఆస్పత్రిలో ఒక బర్మా డాక్టరమ్మ పరీక్ష చేసింది. ఎప్పుడు తెలిసిందని అడిగింది. చెల్లి చెప్పింది. రాస్తున్న కలం ఆగింది. "ఇన్ని నెలలు ఏం చేశారు?" అని అడిగింది. చెల్లి నా వైపు చూసింది.

"ఆపిల్ పళ్లు పండేదాకా ఆగాం" అన్నాను బర్మీస్‌లో. ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ అడగలేదు.

కోశారు. చంకలోకి పాకిందని చెప్పారు. మందు ఎక్కిస్తున్నారు. మందెక్కించిన వారం చెల్లికి అన్నం వాసనే గిట్టదు, తరవాతి వారం నా వంట మీద వంకలు పెడుతుంది. ముందే వచ్చి ఉంటే పాకేది కాదా అని నేను డాక్టరమ్మను అడగలేదు. అడగడానికి ధైర్యం లేక.

పెద్దమనిషి వేరేవాడి చేత మళ్లీ మొక్కలు నాటిస్తున్నాడని తెలిసింది. ఇంటికొక మొక్క చొప్పున మీ పేరు మీదే నాటుతామని చందాకు మీ గడప దగ్గరికి మనిషి వస్తాడు. వద్దని మొహం మీదే చెప్పండి. మీ ఇంట్లో అక్కో చెల్లో అమ్మో ఒంట్లో ఏదో తగులుతోందని చెబితే, మంచి రోజు కోసం ఆగకండి, వాదన నెగ్గాలని చూడకండి. రేపు పొద్దున్నే చెప్పులేసుకుని, ఆమె చెయ్యి పట్టుకుని, ఆస్పత్రికి తీసుకెళ్లండి.