వెనక డోరు మీద విచారణ

బాపట్లలో మా కొరియర్ ఆఫీసు ముందు ఒక స్పీడు బ్రేకరు ఉంది. దాన్ని వేసినవాళ్లకు రోడ్డు మీద కోపమో, మా మీద కోపమో ఇప్పటికీ తేలలేదు. ఏ పికప్ బండి దాని మీదుగా వెళ్లినా వెనక డోరు గొలుసులు ఖళ్లుమంటాయి. ఆ చప్పుడుకు ఎంతగా అలవాటు పడ్డానంటే, మొన్న ఒక బండి ఎగిరి పడి కూడా చప్పుడు చేయకపోయేసరికి ఉలిక్కిపడి తలెత్తాను. దానికి వెనక డోరు లేదు. తొట్టి బోసినోరులా తెరుచుకుని ఉంది, అడ్డంగా ఒక తాడు మాత్రం కట్టి ఉంది. "మైలేజీ కోసం తీసేసుంటాడు సార్. డోరుంటే గాలి దానికి కొట్టుకుని బండిని వెనక్కి లాగుద్ది కదా," అన్నాడు మా డెలివరీ ప్రసాదు. లాగదు అని ఒక్క మాటలో చెప్పవచ్చు. కాని ఆ ఒక్క మాట నాకు తెలియడానికి రెండు ఫుల్ ట్యాంకుల డీజిలు, ఒక బస్తా నిమ్మకాయలు, అన్నిటికంటే ముఖ్యంగా సువార్తమ్మ గారు అవసరమయ్యారు.

సువార్తమ్మ గారు తెనాలిలో నిమ్మకాయల వ్యాపారి. రైతుల దగ్గర కొని చుట్టుపక్కల ఊళ్లకు పంపేవారు. రెండు పికప్ బండ్లు, ఇద్దరు డ్రైవర్లు, ఒక గుమాస్తా. ఆ గుమాస్తా నేనే. డిగ్రీ అయ్యాక ప్రపంచం నన్ను పిలుస్తుందని ఎదురుచూసి, పిలవకపోయేసరికి ఆవిడ కొట్టుకు వెళ్లాను. "ఏం చదివావు నాయనా?" అన్నారు. బీకాం కంప్యూటర్సండి అన్నాను. "మరి మా కొట్లో కంప్యూటర్ లేదే!" "పర్లేదండి, నాకూ పెద్దగా రాదండి." ఆవిడ కళ్లజోడు పైనుంచి నన్ను చూసి నవ్వారు. నా జీవితంలో నేను నెగ్గిన ఇంటర్వ్యూ అదొక్కటే. లూథరన్ చర్చి గాయక బృందంలో ఆవిడది పెద్ద గొంతు. మార్కెట్‌కు ఈ చివర నిలబడి ఆ చివర ఉన్న డ్రైవరును పిలిస్తే, మధ్యలో ఉన్న నలుగురైదుగురు కూడా "వస్తున్నామండి" అనేవారు. నా హాస్యాన్ని మాత్రం ఓపిగ్గా భరించేవారు. చివరిదాకా విని, "జోకయిందా? ఇక పని చెప్పు," అనేవారు.

గొడవంతా ఆ రెండు బండ్ల దగ్గర మొదలైంది. కోటేశ్వరరావు నడిపే బండికి వెనక డోరు లేదు. దుగ్గిరాల పసుపు యార్డులో రివర్సు చేస్తూ స్తంభానికి గుద్దితే అది వంకరపోయింది, దాన్ని పాత ఇనుము కింద ఇచ్చేశారు. బాజీ నడిపే బండికి డోరు నిక్షేపంగా ఉంది. డోరు లేని బండి డీజిలు తక్కువ తాగుతోంది, డోరున్న బండి ఎక్కువ తాగుతోంది. ఇద్దరూ రోజుకు ఇంచుమించు ఒకే దూరం తిరుగుతారు. ఇంకేముంది, మార్కెట్ రెండు పార్టీలయింది. బాజీ డీజిలు తీసి అమ్ముకుంటున్నాడన్నది ఒక పార్టీ. డోరు గాలికి అడ్డుపడుతోందన్నది రెండో పార్టీ, ఈ పార్టీకి అధ్యక్షుడూ కార్యకర్తా బాజీయే.

"డోరు తాగుద్దంట్రా డీజిలు! రేపు అద్దాలు టీ తాగినయ్యంటాడు," అని కోటేశ్వరరావు టీకొట్టు దగ్గర అందరికీ వినబడేలా అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఎందుకంటే జోకు బాగుంది. ఆ సాయంత్రం బాజీ కొట్లోకి వచ్చి తాళంచెవి బల్ల మీద పెట్టాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. "పని తీసేస్తే తీసెయ్యండమ్మా. వేరే బండి చూసుకుంటాను. కాని దొంగ అన్న పేరుతో పంపకండి. ఈ ఊళ్లో ఆ పేరుతో నాకు ఎవరూ తాళం ఇవ్వరండి," అన్నాడు. సువార్తమ్మ గారు తాళంచెవిని అతని వైపే జరిపారు. "నిన్ను నేను ఏమైనా అన్నానా?" "అనలేదండి." "మరి నన్ను అననివ్వు. అనేముందు చూడాలిగా. రేపు డోరుతో తిరుగుదాం, ఎల్లుండి డోరు తీసి తిరుగుదాం. అదే దారి, అదే లోడు. నేనూ వస్తాను." తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు కూడా," అన్నారు. నేనేం చేశానండి అన్నాను. "ఏమీ చెయ్యట్లేదు కాబట్టే," అన్నారు.

మర్నాడు పొద్దున్నే బంకులో ట్యాంకు అంచుదాకా నింపించే ముందు ఆవిడ ప్రార్థన చేశారు. ప్రార్థన కొంచెం పొడవే. బంకు మనిషి పైపు పట్టుకుని ఆమెన్ కోసం ఎదురుచూశాడు. వెనకున్న ఆటోవాడు హారన్ కొట్టబోయి, మా మొహాలు చూసి ఎవరో పోయారనుకుని ఊరుకున్నాడు. తెనాలి నుంచి వేమూరు మీదుగా రేపల్లె, అక్కణ్నుంచి చెరుకుపల్లి మీదుగా బాపట్ల, తిరిగి పొన్నూరు మీదుగా ఇంటికి, ఇదీ మా విచారణ మార్గం. కేబిన్‌లో నేను మధ్యలో. బాజీ గేరు మార్చినప్పుడల్లా నా మోకాలు కూడా మారాల్సి వచ్చేది. దారి పొడుగునా కొట్ల దగ్గర ఆగడం, బస్తా దించడం, సువార్తమ్మ గారు దిగి కుశలం అడగడం, మళ్లీ ఎక్కడం.

బాపట్లలో లోడంతా దించేశాక తొట్టి ఖాళీ అయింది, అడుగున నాలుగు నిమ్మాకులు మిగిలాయి. పొన్నూరు రోడ్డు మీద బండి వేగం అందుకున్నాక ఆవిడ వెనక అద్దంలోంచి అటే చూస్తున్నారు. "బాజీ, గాలి డోరుకు కొట్టుకుంటే ఆ ఆకులు పోయి డోరుకు అంటుకోవాలి కదయ్యా? అవేంటి, మన వైపే పరిగెత్తుకొస్తున్నాయి?" నేనూ తిరిగి చూశాను. నిజమే. ఆకులు డోరు దగ్గర్నుంచి కేబిన్ దాకా వచ్చి, పైకి లేచి, మళ్లీ వెనక్కి పోయి, మళ్లీ వస్తున్నాయి. పై గాలి పైనుంచే దాటిపోతోంది. తొట్టిలో గాలి మాత్రం డోరు గడప దాటకుండా గుండ్రంగా ఆడుకుంటోంది. బాజీ అద్దంలో ఒకసారి చూశాడు, అంతే, మళ్లీ చూడలేదు. అతని తరఫున ఉన్న ఒకే ఒక్క సాక్షి ఆ డోరు. నాలుగు ఎండుటాకులు దాన్ని కూడా అవతలి పార్టీ వైపు తిప్పేశాయి. "ఇంకా రేపు ఉందిగా," అన్నారు సువార్తమ్మ గారు. ఆ మాట అతనికి ధైర్యం చెప్పిందో, భయపెట్టిందో నాకు తెలియలేదు.

రెండో రోజు ట్యాంకు మళ్లీ అంచుదాకా నింపించి, ఎంత పట్టిందో రాసుకుని, డోరు ఊడదీసి, వెనక తాడు కట్టి బయల్దేరాం. చెరుకుపల్లి సెంటర్లో ఒక గోతిలో బండి దిగి లేచింది. చివరనున్న బస్తా తాడు కింద నుంచి జారి, మూతి విప్పుకుని, కాయల్ని రోడ్డు నిండా దొర్లించింది. మామూలు రోజైతే జనం ఏరిచ్చేవారు, లేదా ఏరుకుపోయేవారు. మా ఖర్మకు అది అమావాస్య. నడిరోడ్డు మీద పసుపుపచ్చగా నిమ్మకాయలు కనబడేసరికి బైకులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి, ఒక ఆటో వెనక్కి తిరిగింది. "దాటమాక, దాటమాక!" అని ఒకాయన తన భార్యను రెక్క పట్టుకుని ఆపాడు. నాకు తెలిసి బస్తా నిమ్మకాయలతో రోడ్డు బంద్ చేసింది మేమే.

సువార్తమ్మ గారు దిగారు. ఒక కాయ తీసి చెంగుతో తుడిచి, పక్కనున్న సోడా బండి దగ్గరకు వెళ్లి కోయించి, పిండించుకుని, అందరూ చూస్తుండగా గటగటా తాగేశారు. "చేతబడి చేసేవాళ్లు బస్తాలకు బస్తాలు పొయ్యరు నాయనా, గిట్టుబాటు కాదు. రండి, ఏరండి, తలా నాలుగు తీసుకోండి!" ముందు ఒకావిడ నవ్వింది. తర్వాత అందరూ వంగారు.

బండి పొగ జనం మీదికి వస్తోందని ఆవిడ వెనక్కి తిరిగి, "బాజీ, బండి ఆపు!" అని కేకేశారు. బాజీ ఆపలేదు. మళ్లీ కేకేశారు. అతను కిటికీలోంచి తల బయటపెట్టి, "ఆపితే మళ్లీ లేవదండి. బ్యాటరీ చచ్చిపోయింది," అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"ఎండాకాలం నుంచండి. మీకు చెప్పాను కదండి. చూద్దాంలే అన్నారు."

"మరి కొట్ల దగ్గర?"

"ఎక్కడా ఆపనండి. పొద్దున మా ఇంటి దగ్గరే నెట్టించుకుని బయల్దేరితే మళ్లీ ఇంటికొచ్చాకే."

"దించినంతసేపూ ఇంజను నడుస్తానే ఉండుద్దా?"

"నిలబడ్డ బండి ఏం తాగుద్దిలెమ్మా," అన్నాడు బాజీ, అమాయకంగా.

ఆవిడ నన్ను చూశారు, నేను ఆవిణ్ని చూశాను. ముందురోజంతా ఆ ఇంజను పక్కనే కూర్చున్నాం. ఆకుల్ని చూశాం గాని, ఆగని చప్పుడు మాకు వినబడలేదు. "ఆపు," అన్నారు ఆవిడ మూడోసారి, మెల్లగా. ఆపాడు. నిజంగానే లేవలేదు. నిమ్మకాయ దాటడానికి భయపడిన జనమంతా కలిసి ఆ బండిని నెట్టారు.

సాయంత్రం తెనాలి బంకులో ట్యాంకు నింపితే, డోరున్న రోజుకూ లేని రోజుకూ తేడా లేదు. డోరు తీసిన రోజే చుక్క ఎక్కువ పట్టిందని బంకు మనిషి అన్నాడు. మార్కెట్లో జనం ఎన్నికల ఫలితాలకు చేరినట్టు చేరారు. కోటేశ్వరరావు ముందుకొచ్చి, "ఏం తేలిందండి అమ్మగారూ? డోరా, బాజీనా?" అన్నాడు. బాజీ బండి దిగకుండా స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు.

"రెండూ కాదు. నేను," అన్నారు సువార్తమ్మ గారు, గాయక బృందం గొంతుతో. "బ్యాటరీ పోయిందని ఇతను ఎప్పుడో చెబితే చూద్దాంలే అన్నాను. అందుకని పొద్దస్తమానం ఇంజను ఆపకుండా నడిపాడు. తాగిన డీజిలంతా నా బద్ధకం తాగింది. ఇతన్ని దొంగన్నవాళ్లెవరన్నా ఉంటే, ఇకనుంచి ఆ మాట నన్ననండి." ఆ గొంతుకు ఎదురు చెప్పాలంటే కనీసం మైకు ఉండాలి. కోటేశ్వరరావు తానే పానా తెచ్చి డోరు బిగించడానికి ఒక చెయ్యి వేశాడు. కొత్త బ్యాటరీ పెట్టాక ఆ బండి, డోరుతో సహా, కోటేశ్వరరావు బండితో సమానంగానే తాగింది.

ఇప్పుడావిడ వ్యాపారం మానేసి రేపల్లెలో చెల్లెలి దగ్గర ఉంటున్నారు. నేను ఫోన్ చేసి ఏదో ఒకటి అంటే, చివరిదాకా వినే అలవాటు ఇంకా పోలేదు. మా పై ఆఫీసు వాళ్లు పోయిన నెల ఒక మెయిలు పెట్టారు. మా డెలివరీ వాళ్లలో పెద్దాయన సుభానీ గారు రోజూ ఆలస్యం చేస్తున్నారు, తీసేయమని. నేను జవాబు రాయలేదు. మర్నాడు హెల్మెట్ పెట్టుకుని ఆయన బైకు వెనక కూర్చుని బాపట్ల అంతా తిరిగాను. పార్సిళ్ల వరస వేసే కంప్యూటరుకు మా ఊళ్లో రైల్వే గేటు ఉందని తెలియదు. గేటుకు ఇటొకటి, అటొకటి, మళ్లీ ఇటొకటి ఇస్తోంది. మనిషి సగం రోజు గేటు దగ్గరే నిలబడుతున్నాడు. వరస మార్పించాను. ఆధారం ఏంటని పై ఆఫీసు వాళ్లు ఫోన్‌లో అడిగారు. ఆయన వెనక కూర్చున్నానండి అన్నాను. తనను తీసేయమన్నారన్న సంగతి సుభానీ గారికి ఇప్పటికీ తెలియదు. ఆ బైకు మీద ఎగిరెగిరి పడే నేను నాలుగు రోజులు దిండు వేసుకుని కూర్చున్నానని కూడా తెలియదు. పోన్లే బాబూ, మొలలకు మంచి డాక్టరు ఉన్నాడు అని అడ్రసు ఇచ్చారు.