అకెలో వాళ్లమ్మ రంగు

మూడేళ్ల కిందట, గుంటూరు యార్డుకి కొత్త మిరపకాయలు దిగుతున్న రోజులు. లారీ వెళ్లిందంటే వెనకాలే నలుగురు తుమ్ముతూ నిలబడే కాలం. బ్రాడీపేటలో నాకు ఫొటో స్టూడియో ఉంది, దాని వెనక గదిలో ఫ్లెక్స్ ప్రింటింగ్. ముప్ఫై ఏళ్లకు పైగా ఇదే పని. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, పార్టీల బ్యానర్లు, ఎన్ని ముఖాలు నా చేతుల మీదుగా వెళ్లాయో చెప్పలేను. ఇన్నిటిలో మర్చిపోలేని పని ఏదంటే మాత్రం ఒకే ఒక్క ముఖం గుర్తొస్తుంది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది, అయినా చెప్తాను.

ఆ పని ఇప్పించింది మా అమ్మాయి ఝాన్సీ. మంగళగిరిలో ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తోంది. వాళ్ల ఆఫీసు పక్కన పాత పత్తి గోడౌనుని బాగుచేసి పద్మజ గారని ఒకావిడ బొమ్మల గ్యాలరీ నడుపుతున్నారు. తూర్పు ఆఫ్రికా ఆర్టిస్టులు నలుగురి బొమ్మలు అక్కడ పెడుతున్నారనీ, గేటుకి పన్నెండడుగుల ఫ్లెక్సు కావాలనీ ఝాన్సీ ఫోన్ చేసింది. "నీ పేరు నేనే చెప్పాను నాన్నా. ఉన్నది ఉన్నట్టు ప్రింట్ చెయ్యి. నా మాట పోనివ్వకు" అంది. నాకు కాస్త పౌరుషం వచ్చింది. నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన పిల్ల నాకు పని చెప్పడమేమిటి అనుకున్నాను.

లోపల మాత్రం సంతోషమే. ఎందుకంటే ఆ పిల్ల పదో తరగతి తర్వాత నా కెమెరా ముందుకి వచ్చింది లేదు. నేను కెమెరా తీస్తే పక్క గదిలోకి వెళ్లిపోయేది. గ్రూపు ఫొటోలో నిలబెడితే తల దించుకునేది. ఫొటోగ్రాఫర్ కూతురికి ఫొటో లేదంటే నలుగురూ నవ్వరూ? సిగ్గు అనుకున్నాను. మా ఆవిడేమో "సిగ్గు కాదండీ, ఏదో మనసులో పెట్టుకుంది" అనేది. ఏం పెట్టుకుందో నేనెప్పుడూ అడగలేదు. ఈ పని బాగా చేస్తే పిల్ల మళ్లీ నాకు దగ్గరవుతుందని, ఎప్పుడైనా ఒక ఫొటో తియ్యనిస్తుందని ఆశపడ్డాను.

కొలతలు తీసుకోవడానికి గ్యాలరీకి వెళ్లాను. బొమ్మలంటే రంగులనుకున్నాను కానీ అక్కడ రంగుల్లేవు. అన్నీ గీతలే. ఒకాయన బొగ్గుతో నైరోబీ బస్టాండు గీశాడు. ఇథియోపియా ఆవిడ గీసిన జడలు చూస్తే పెన్సిలు అన్నారు గానీ నేను నమ్మలేకపోయాను. ఆ నలుగురిలో మన దేశానికి వచ్చింది ఒక్క అమ్మాయే. ఉగాండా నుంచి, పేరు అకెలో. ఆమె బొమ్మలో ఒక పెద్దావిడ చేలో పత్తి తీస్తోంది. మనిషి ఎంత ఎత్తుంటుందో అంత కాగితం, మొత్తం మామూలు బాల్ పెన్నుతో గీసింది.

ఝాన్సీ పక్కనుండి ఆమె ఇంగ్లీషుని నాకు తెలుగులో చెప్పింది. ఆ పెద్దావిడ అకెలో వాళ్లమ్మ. పోయి చాలా ఏళ్లయింది. ఆవిడకి ఒక్క ఫొటో కూడా లేదట. గుర్తున్నంతలో ఈ పిల్ల మూడు నెలలు గీత మీద గీత పెట్టి ఆ ముఖం తెచ్చుకుంది. పత్తి కోసం ఏ రంగూ వాడలేదు, ఖాళీ కాగితాన్నే వదిలేసింది. చుట్టూ నలుపు పడేసరికి పత్తి దానంతటదే పగిలి బయటికొచ్చినట్టుంది. ఎన్ని రీఫిళ్లు అయ్యాయమ్మా అని అడిగాను. నవ్వి, అయిపోయిన రీఫిళ్లు వేసుకున్న సంచీ తెచ్చి చూపించింది. మనూళ్లో కూడా పత్తి ఇలాగే వంగి తీస్తారని నేను చేసి చూపిస్తే ఇంకా నవ్వింది. అంటే, నేను తెలియక చేశాననడానికి లేదు. అన్నీ తెలుసు నాకు.

ఇక్కడ మా పని గురించి కొంచెం చెప్పాలి. నేను ఒంగోలులో ఒక స్టూడియోలో టచింగ్ నేర్చుకున్నాను. నెగటివ్‌లో అంతా తిరగబడి ఉంటుంది, జుట్టు తెల్లగా, ముఖం నల్లగా. ఆ ముఖం మీద సూదిలా చెక్కిన పెన్సిలుతో చిన్న చిన్న గీతలు పెడితే, ప్రింటు వేసినప్పుడు అక్కడ తెల్లబడుతుంది. మచ్చలు పోతాయి, ముడతలు పోతాయి, నలుపు విరుగుతుంది. దాన్నే టచింగ్ అంటారు. "పిల్లకి కాస్త రంగు తెప్పించు బాబూ" అని తల్లులు బతిమాలేవారు. నా చేతి టచింగ్ కోసం చీరాల నుంచి కూడా వచ్చేవారు. కంప్యూటర్లు వచ్చాక పెన్సిలు పోయింది, లెవెల్స్ వచ్చాయి. వెలుగునీ నీడనీ ఎక్కువ తక్కువ చేసే మీట అది. పక్కకి జరిపితే చాలు, చామనఛాయ వాళ్లు పసుపు ఛాయలోకి వచ్చేస్తారు. ఇప్పుడు ఎవరూ అడగక్కర్లేదు కూడా. అన్నం తినేముందు చెయ్యి కడుక్కున్నంత అలవాటుగా చేసేస్తాను.

ఫ్లెక్సు మీద వెయ్యడానికి పద్మజ గారు అకెలో వాళ్లమ్మ బొమ్మ ఫైలు పంపారు. పేర్లూ తేదీలూ పేర్చి చూపిస్తే సరేనన్నారు. అక్కడితో ప్రింటు కొట్టేస్తే సరిపోయేది. కానీ పెద్ద స్క్రీన్ మీద ఆవిడ ముఖం చూస్తే నా చెయ్యి ఆగలేదు. గేటు దగ్గర అంత నల్లగా ఎవరికి కనబడుతుంది, తల్లి ముఖం కదా, కాస్త కళగా ఉండాలి కదా అనుకున్నాను. మంచే చేస్తున్నాననుకున్నాను, నిజంగా. లెవెల్స్ జరిపాను. చెంపల మీద గీతలు నున్నగా చేశాను. రెండు నిమిషాల పని. ముఖం విచ్చుకుంది గానీ చేలో పత్తి మాయమైపోయింది. అప్పుడైనా ఆగానా? పత్తి ఎవడు చూస్తాడులే అని ప్రింటు ఇచ్చేశాను.

ప్రారంభం సాయంత్రం. ఆ పొద్దున మనుషుల్ని పెట్టి ఫ్లెక్సు కట్టించి, నాలుగడుగులు వెనక్కి వచ్చి చూసుకుని మురిసిపోయాను. ఝాన్సీ, అకెలో ఆటో దిగారు. అకెలో గేటు ముందు ఆగిపోయింది. చాలాసేపు చూసింది. తర్వాత నెమ్మదిగా ఏదో అడిగింది.

ఝాన్సీ నా వైపు తిరిగింది. "మా అమ్మ ఏదీ అని అడుగుతోంది."

నేను గబగబా తెలుగులో చెప్పుకుపోయాను. ముఖం డల్‌గా ఉంటే కొంచెం ఫెయిర్ చేశాననీ, బాగుంటుందనే చేశాననీ ఆమెకి చెప్పమన్నాను.

"ఇది నేను చెప్పను నాన్నా. నువ్వే చెప్పుకో."

నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో చెప్పాను. అకెలో కోప్పడి ఉంటే తేలిగ్గా ఉండేది. కోప్పడలేదు. కళ్లు తుడుచుకుని, ఇంకొక్క మాట అడిగింది.

"అలా చెయ్యమని ఎవరైనా అడిగారా అంటోంది" అంది ఝాన్సీ. తర్వాత, అకెలో మాటగా కాదు, తన మాటగానే అంది: "నన్ను కూడా అడగలేదు నాన్నా."

ఆ గేటు దగ్గరే, ఫ్లెక్సు కట్టినవాళ్లు నిచ్చెన దిగుతుండగా, ఇన్నేళ్లూ చెప్పనిది చెప్పింది. పదో తరగతి హాల్ టికెట్‌కి ఫొటో నేనే తీసి, నేనే టచింగ్ చేసి ఇచ్చాను. లెక్కల పరీక్ష రోజు ఇన్విజిలేటర్ హాల్ టికెట్ మీది ఫొటోనీ ఝాన్సీ ముఖాన్నీ మార్చి మార్చి చూసి, ఎవరి బదులు రాయడానికొచ్చావని అడిగాడట. గదిలో అందరూ చూస్తుండగా అరగంట నిలబెట్టారు. వాళ్ల స్కూలు మాస్టారొచ్చి, మా పిల్లేనని చెప్పాకే కూర్చోనిచ్చారు. పక్క బెంచీ పిల్లలు ఆ ఏడాదంతా నువ్వెవరని ఏడిపించారు.

"లెక్కల్లో మార్కులు తగ్గాయని నువ్వు తిట్టావు కూడా" అంది. గొంతు పెంచలేదు. "ఇంట్లో గోడ మీద, నువ్వు టచింగ్ చేసిన ఫొటోలో ఉన్న పిల్ల ఎవరో నాకు తెలియదు నాన్నా. మీకు కావలసిన పిల్లేమో అనుకునేదాన్ని."

అవును, తిట్టాను. పుస్తకం విసిరికొట్టాను కూడా. ఆ సంగతి గుర్తు చెయ్యకుండా వదిలేసినందుకు నా కూతురికి దణ్ణం పెట్టాలి.

ఫ్లెక్సు విప్పించి, చుట్టి ఆటోలో వేసుకుని గుంటూరు వచ్చేశాను. పంపిన ఫైలు పంపినట్టే తెరిచాను. ఏమీ ముట్టుకోకుండా ప్రింటు ఇవ్వడం నా సర్వీసులో అదే మొదలు. మౌసు మీద చెయ్యి ఊరుకోదని తెలిసి కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. మెషీను అటూ ఇటూ తిరుగుతూ పట్టీలు పట్టీలుగా ఆవిడని బయటికి తెచ్చింది. ముందు తలగుడ్డ, తర్వాత నుదురు. ఆ నల్ల సిరాలోనే నీలి ఛాయ ఉంది, ఎర్ర జీర ఉంది, కంటి కింద ఎండ దెబ్బల గీతలున్నాయి. కింద వరకూ వచ్చేసరికి పత్తి తెల్లగా విచ్చుకుంది. ఇంత వెలుగు ఆ నలుపులోంచే వస్తోందని నాకు ఎవరూ నేర్పలేదు. నేర్పితే మాత్రం వినేవాణ్ణా?

సాయంత్రం జనం రాకముందే కట్టించేశాం. అకెలో దగ్గరికి వెళ్లి రెండు చేతులూ ఫ్లెక్సు మీద ఆనించింది. నా వైపు తిరిగి తల ఊపింది. క్షమించిందో, పని అయిందని ఊపిందో నేను అడగలేదు. పద్మజ గారు మాత్రం ఆ తర్వాత నాకు ఇంకో పని ఇవ్వలేదు.

ప్రదర్శన ఉన్నన్నాళ్లూ ఝాన్సీ మధ్యాహ్నం భోజనాల వేళ గ్యాలరీకి వెళ్లేదట. అకెలో ఎదురుగా కూర్చునేది. వెళ్లిపోయేముందు అకెలో తను గీసిన బొమ్మొకటి ఝాన్సీ చేతిలో పెట్టింది. ఝాన్సీ ఇంటికి తెచ్చి వాళ్లమ్మకి చూపిస్తుంటే వెనక నుంచి చూశాను. బాల్ పెన్నుతో గీసిన నా కూతురు. తల దించుకోలేదు. గడ్డం కొంచెం పైకెత్తి, సూటిగా చూస్తోంది. పై పెదవి మీద పుట్టుమచ్చ ఉంది. హాల్ టికెట్ ఫొటోలో నేనే తీసేసిన మచ్చ అది. పదేళ్లుగా నేను తియ్యాలని ఆశపడ్డ ఫొటో, వేరే దేశం నుంచి వచ్చిన పిల్ల పెన్నుతో తీసిచ్చి వెళ్లింది.

ఇప్పుడు స్టూడియోలో ఎవరైనా రంగు తెప్పించమంటే, ఫొటోలో ఉన్న మనిషిని పిలిచి అడుగుతాను, నీకు కావాలా అని. కొందరు కావాలంటారు, చేసిస్తాను. కొందరు తల్లి వైపు చూసి మాట్లాడరు. వాళ్లకి ఉన్నది ఉన్నట్టే ఇస్తాను. దాంతో కొన్ని కుటుంబాలు వేరే షాపులకి పోయాయి. పోనీ. నా కూతురి విషయంలో అడగాల్సినప్పుడు అడగలేదు, ఇప్పుడు ఊరందరినీ అడుగుతున్నాను.

ఆ బొమ్మని స్కాన్ చేసి ఫ్రేము కట్టిస్తానని ఒకసారి ఝాన్సీని అడిగాను. ఏమీ ముట్టుకోనని ఒట్టు కూడా వేశాను.

"ముట్టుకోవని తెలుసు నాన్నా" అంది, నొచ్చుకుంటూనే. "అయినా నీకివ్వడానికి నాకు చెయ్యి రావడం లేదు. చూడు, ఎంతసేపైనా చూసుకో."

పండక్కీ పబ్బానికీ వచ్చినప్పుడు బీరువాలోంచి తీసి మంచం మీద పెడుతుంది. నేను చేతులు వెనక్కి కట్టుకుని చూస్తాను.