అనుమానం బావ ఎంచిన ఇరుసు

మా అక్క మొగుడికి కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆయనే తిరిగి చూడడు. ఊరందరికీ అనుమానం, నాకు అనుమానం బావ. తలుపుకు తాళం వేసి వీధి చివరిదాకా వెళ్లి, వెనక్కొచ్చి ఇంకోసారి లాగి చూసే మనిషి. అక్కతో పెళ్లి ఖాయమయ్యాక కూడా, నిజంగా ఇష్టమేనా అని అడగడానికి వానలో తడుస్తూ వచ్చాడు. "ఇప్పటిదాకా ఇష్టమే, ఇంకోసారి అడిగితే చెప్పలేను" అందట అక్క. ఆయన బళ్లు బాగుచేస్తాడు. ఆయన షెడ్డులోకి వెళ్లిన బండి ఎప్పుడు బయటికొస్తుందో ఎవరూ చెప్పలేరు.

నేను ట్రక్కు నడుపుతాను. చిన్నదే గానీ నాలుగు చక్రాలూ లాగుతాయి. మా ఊరు కొండమీది క్వారీ కోసం పుట్టింది. క్వారీ మూతపడ్డాక పాడైన యంత్రాలూ, ఎక్కడికీ పోలేని మేమూ మిగిలాం. ఆ ఏటి వానలకు కొండదారి సగం కొట్టుకుపోయింది. బస్సు మానేశారు. ఆసుపత్రి బండి కింద వంతెన దాకానే వస్తుంది. అక్కడిదాకా జనాన్ని దించేది నా ట్రక్కు ఒక్కటే. అలా దిగేవాళ్లలో మా నాన్న ఉన్నాడు. ఆయన మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. మంగళ, గురు, శనివారాలు కిందికి వెళ్లి యంత్రం మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. లేకపోతే ఒంట్లో నీరు చేరి ఊపిరితిత్తుల దాకా వస్తుంది. డాక్టరమ్మ మా దగ్గర ఏమీ దాచలేదు. ఒక వాయిదా తప్పితే చాలా కష్టపడతారు, రెండు తప్పితే నేను మాట ఇవ్వలేను అంది.

ఒక శనివారం సాయంత్రం అందర్నీ ఇళ్ల దగ్గర దింపి వస్తుంటే ముందు చక్రం పక్కకు ఒరిగిపోయింది. మా బండికి ముందు చక్రాలు వేటికవే విడివిడిగా, చేతుల్లాంటి ఇనుప కడ్డీల మీద ఊగుతాయి. తారు రోడ్డు మీద ఒయ్యారంగా పోతుంది గానీ మా రాళ్లకు తట్టుకోలేదు. ఆ చేయి విరగడం అది రెండోసారి. ఈసారి చట్రంలో ముక్క కూడా ఊడదీసుకుని పోయింది. తాళ్లు కట్టి షెడ్డుకు లాగాం. బావ కిందికి దూరి చాలాసేపటికి బయటికొచ్చాడు.

"అతుకుల బొంతయిపోయింది. మళ్లీ అతికితే మళ్లీ ఊడుతుంది. ఈ చేతులు తీసేసి, ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకటే ఇరుసు వెయ్యాలి. బండి బరువు మోసే కమాను పట్టీల మీద కూర్చోబెట్టాలి."

"మంగళవారానికి అయిపోతుందా?"

"ఇరుసు దొరకాలి కదా."

"దొరికితే?"

"అది మంచిదవ్వాలి కదా."

నాకు ఒళ్లు మండింది. నాన్నను మంచం మీద మోసుకుపోదామని ఇరుగుపొరుగు అన్నారు. దారి తెగినచోట రాళ్ల మీద చక్రాలు ఎక్కుతాయి గానీ, ఉత్త మనిషే చేతులు ఆనించి పాకాలి. పైగా పడుకోబెడితే నాన్నకు ఊపిరాడదు. కాబట్టి ఆయన ప్రాణం ఆ ఇరుసు మీద ఉంది. ఇరుసు ఎంచే పని, లోకంలో ఇంకెవరూ లేనట్టు, అనుమానం బావ చేతిలో పడింది.

క్వారీ వదిలేసిన ఇనుమంతా తుప్పు మామ దొడ్లో ఉంటుంది. ఆదివారం పొద్దున్నే వెళ్లాం. నాన్న కూడా కర్ర పట్టుకుని వచ్చి ఒక పాత టైరు మీద కూర్చున్నాడు. తుప్పు మామ చూపించిన మొదటి ఇరుసు వెడల్పు మా బండికి కొలిచినట్టు సరిపోయింది. అయితే ఇరుసుకు గేర్లుండే ఉబ్బెత్తు గుండు కుడివైపు ఉంది. మా గేరుపెట్టె నుంచి ముందు చక్రాలకు వచ్చే షాఫ్టు ఎడమవైపు ఉంది.

"దానికేముంది, తిరగేసి బిగించు. ఎడమకొస్తుంది" అన్నాడు తుప్పు మామ.

"వస్తుంది. కానీ ముందు చక్రాలు వెనక్కి తిరుగుతాయి. వెనక చక్రాలు కిందికి దిగుదామంటాయి, ముందువి పైకి పోదామంటాయి."

"నీ పెళ్లాం నీతో వేగినట్టు అవే సర్దుకుంటాయిలే."

బావ నవ్వలేదు. రెండోదాని దగ్గరికి వెళ్లాడు. దానికి గుండు ఎడమవైపే ఉంది, వెడల్పు కుదిరింది, బ్రేకులు కూడా బాగున్నాయి. నేను అప్పుడే తాడు విప్పి లాగడానికి సిద్ధమయ్యాను. బావ మాత్రం నూనె వంపి, అందులో అయస్కాంతం ముంచి తీశాడు. దాని చుట్టూ సన్నటి మెరుపు పొడి పట్టుకుని వచ్చింది. ముసలి ఇరుసులన్నిటిలోనూ ఆ పొడి ఉంటుందని తుప్పు మామ అన్నాడు. ఆయన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్లు. బావ మూత విప్పి, గేరు పళ్లను గుడ్డతో తుడిచి, ఒక్కోదాని మీదా గోరు పెట్టి లాగాడు. ఒక పన్ను దగ్గర గోరు ఆగింది.

"గీత తగులుతోంది. ఉత్త గీత కావచ్చు, పగులు కావచ్చు."

పగులైతే పన్ను ఊడి గేర్ల మధ్య పడుతుంది, ముందు చక్రాలు బిగుసుకుపోతాయి. చదును మీదైతే ఆగిపోతాం. మా మలుపుల్లో అయితే లోయలోకి పోతాం. అదంతా నాకూ తెలుసు. కానీ అది గీతే కావచ్చని ఆయనే అన్నాడు కదా.

మా కొండమీద క్వారీ నాటి కట్టుబాటు ఒకటుంది. బండి ముందుభాగం విప్పి బిగించినవాడు, అది మొదటిసారి కొండ దిగేటప్పుడు లోపల డ్రైవరు వరసలో కూర్చోవాలి. వేరే హామీ ఎవరూ అడగరు. నాన్న వయసంతా క్వారీ లారీ నడిపినవాడు. అందుకే ఆయన గీతా పగులా అని అడగలేదు.

"అల్లుడూ, ఇది వేస్తే నువ్వు కూర్చుంటావా?"

బావ ఆ పన్ను మీద ఇంకోసారి గోరు లాగాడు.

"నేనైతే కూర్చుంటాను మామయ్యా. మిమ్మల్ని కూర్చోబెట్టను."

నేను ఇక ఆగలేకపోయాను. "ఇది వద్దంటే మంగళవారం పోయినట్టే. గోటికి తగిలిన గీత కనిపించింది గానీ, నీరు పట్టే నాన్న కాళ్లు నీ కంటికి ఆనడం లేదా? ఆలస్యం అమృతం విషం అన్నారు బావా."

"కనిపిస్తున్నాయి" అన్నాడు మెల్లగా.

"నువ్వు నోరు ముయ్యవే" అన్నాడు నాన్న నాతో. "ఇంకోటి వెతకనీ."

ఆ ఇంకోటి సోమవారం సాయంత్రానికి గానీ దొరకలేదు. తుప్పు మామ కోళ్లగూడు కింద దిమ్మెలా పడి ఉంది. పాత డ్రిల్లింగు బండిది. గూడు కదిపితే కోళ్లు గుడ్లు మానేస్తాయని తుప్పు మామ గోల. మా అక్క వచ్చి గూటిని కోళ్లతో సహా ఎత్తి పక్కన పెట్టింది. గుండు ఎడమవైపే ఉంది గానీ, ఇరుసు మా బండికన్నా వెడల్పు, బరువు. చక్రానికి బోల్టులు కూడా ఒకటి ఎక్కువ, అంటే ముందుకొక స్టెప్నీ, వెనక్కొక స్టెప్నీ మోయాలి. బావ అయస్కాంతం ముంచాడు, శుభ్రంగా వచ్చింది. గోరు ఎక్కడా ఆగలేదు. షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందో సుద్దముక్కతో గుర్తుపెట్టి లెక్కేశాడు. ముందూ వెనకా ఆ లెక్క కలవకపోతే బండి తనతో తానే కొట్లాడుతుందట. కలిసింది. మళ్లీ లెక్కేశాడు. నేను దొడ్డి బయటికి వెళ్లి నిలబడ్డాను, లేకపోతే ఆ సుద్దముక్క మింగించేదాన్ని.

మంగళవారం తప్పింది. బుధవారానికి నాన్న కాళ్లు నొక్కితే వేలు దిగబడిపోతోంది. అక్కావాళ్లింట్లో గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీస్తున్నాడు. నీళ్లు తాగకూడదు కాబట్టి అక్క తడిగుడ్డతో పెదాలు అద్దుతోంది. ఆ గదికీ షెడ్డుకూ మధ్య ఒక్క రేకు గోడ. ఇటు నాన్న ఊపిరి, అటు బావ సుత్తి. సుత్తి ఆగినప్పుడల్లా ఇంకేం అనుమానం వచ్చిందోనని వెళ్లి చూసేదాన్ని. కొత్త ఎత్తుకు పాత బ్రేకు గొట్టం అందదని పొడుగుది వేస్తూ ఉండేవాడు, లేదా బిగించిన బోల్టునే మళ్లీ బిగిస్తూ ఉండేవాడు. అన్నం పెట్టిన పళ్లెం పెట్టినచోటే ఉండేది. నాకు ఆయన మీద జాలి వేయలేదు. అప్పుడు నాకు నాన్న తప్ప ఎవరూ అక్కర్లేదు.

గురువారం పొద్దున బండి షెడ్డు దాటింది. నేను స్టీరింగు దగ్గర, నా పక్కన నాన్న, తలుపు దగ్గర బావ. మా దర్జీ కూడా రక్తం శుభ్రం చేయించుకునేవాడే. ఆయన వెనక కూర్చున్నాడు. తెగిన దారిలో బండి రాళ్ల మీద ఎక్కి దిగుతుంటే కొత్త ఇరుసు కిమ్మనలేదు. నాన్న తల బావ భుజం మీదికి వాలింది. ఊపిరి ఈల వేస్తోంది. కొండ సగంలో కాస్త తారు మిగిలిన తిన్నని ముక్క వచ్చేసరికి, ఆ ఈల వినలేక వేగం పెంచాను.

ఒక గుంత తగిలింది. స్టీరింగు నా చేతుల్లో కొట్టుకోవడం మొదలుపెట్టింది. ముందు చక్రాలు రెండూ అటూ ఇటూ పిచ్చెత్తినట్టు ఊగుతున్నాయి, అద్దంలోంచి దారి కనిపించనంతగా బండి అదురుతోంది. ముందు మలుపు, ఆ మలుపు అవతల ఏమీ లేదు. నా కాలు బ్రేకు మీదికి వెళ్లింది.

"బ్రేకు వద్దు" అన్నాడు బావ. గొంతు పెంచలేదు. "కాలు తీసెయ్యి. స్టీరింగుతో పెనుగులాడకు, వదలకు. అదే తగ్గుతుంది."

నాలుగు రోజులుగా తిట్టుకుంటున్న మనిషి మాట, ఆలోచించకుండా విన్నాను. అదురు తగ్గి తగ్గి, మలుపుకు ముందు కొండవైపు మట్టికి ఆనుకుని బండి ఆగింది.

బావ నాన్నను దింపి నీడలో రాయి మీద కూర్చోబెట్టి, దర్జీని పట్టుకోమన్నాడు. తర్వాత జేబులోంచి రెండు ఇనుప వెడ్జులు తీశాడు. ఒకవైపు లావుగా, ఒకవైపు పలుచగా ఉన్నాయి. ఇరుసుకూ కమాను పట్టీలకూ మధ్య ఇవి పెడితే ఇరుసు వెనక్కి వాలి, చక్రాలు తిన్నగా నిలబడతాయి.

"సన్నవి వేశాను. లావువి వెయ్యాలేమోనని అనుమానం."

"ఆ అనుమానం షెడ్డులో రాలేదా?"

"వచ్చింది." జాకీ పెడుతూ తలెత్తలేదు. "విప్పి మళ్లీ వెయ్యాలంటే ఇంకో రెండు గంటలు పడుతుంది. మామయ్య ఊపిరి వినబడింది. ఊరుకున్నాను."

ఆయన్ని నేను ఎరిగిన ఇన్నేళ్లలో అనుమానం వచ్చి ఊరుకున్నది అదొక్కసారే. అదీ మా నాన్న కోసం. పక్కన చతికిలబడి బోల్టులు అందించాను. అటు నాన్న పెదాలు నల్లబడుతున్నాయి, ఇటు బావ వేళ్లు చిట్లి రక్తం కారుతోంది. బిగించడం అయ్యాక లేవబోయి ఆగి, నా మొహం చూశాడు. మళ్లీ బిగించి చూడాలని ఉందని తెలుస్తూనే ఉంది.

"చూసుకో బావా" అన్నాను. అన్నిటినీ మళ్లీ లాగి చూసుకుని ఎక్కాడు. వంతెన దాకా బండి చెప్పిన మాట విన్నది.

మధ్యాహ్నం ఆసుపత్రిలో యంత్రం తిరుగుతోంది. గొట్టాల్లో నాన్న రక్తం వెళ్లి వస్తోంది. డాక్టరమ్మ మమ్మల్ని చెడామడా తిట్టి, ఇక భయం లేదని చెప్పి వెళ్లింది. నాన్న ఈల ఆగింది. బావ మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు.

"మామయ్యా, ఆ రెండో ఇరుసు బాగానే ఉండి ఉండొచ్చు."

"ఉండొచ్చు."

"అది వేసుంటే మంగళవారం తప్పేది కాదు. మీకింత బాధ ఉండేది కాదు."

నాన్న కళ్లు తెరవలేదు. "నన్ను కూర్చోబెట్టనని నువ్వన్నావు. నువ్వు కూర్చోబెట్టనన్న దాని మీద నేనెందుకు కూర్చుంటాను అల్లుడూ."

బావ మొహం పక్కకు తిప్పుకున్నాడు. కాసేపటికి లేచి, యంత్రం దగ్గరికి వెళ్లి, గొట్టం అతుకు దగ్గర వంగి చూశాడు. అవతలివైపుకు వెళ్లి ఇంకో అతుకు చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి అని నర్సు విసుక్కుంది. ఆయన సిగ్గుపడి వెనక్కి రాబోయాడు.

"బావా, ఆ కిందిది చూడలేదు. ఇంకోసారి చూసి రా" అన్నాను.