మాట్లాడగలిగేంత వేగం

మా కోచ్ సారుకు గడియారాల మీద నమ్మకం లేదు. ఈజీ రోజున పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడుతూ పరుగెత్తాలి, హార్డ్ రోజున ఒక్క ముక్క కూడా బయటికి రాకూడదు. అదే ఆయన కొలత. వారానికి హార్డ్ రోజులు రెండే, మిగతావన్నీ కబుర్ల రోజులు.

నా పక్కవాడు అడిక్‌మెట్‌లో గది తీసుకున్న కరీంనగర్ కుర్రాడు. నేనేమో గుంటూరు నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడిన కుటుంబంలోవాణ్ణి. ఉద్యమం రోజులు, ఇక కబుర్లంటే ఏముంటాయి చెప్పండి? క్యాంపస్ గేటు దాటకముందే నీళ్లు, నియామకాలు మొదలయ్యేవి. రాష్ట్రం వస్తే మనల్ని ఉండనిస్తారా అని మా ఇంట్లో రోజూ గుసగుసలే. నా భయం ఇంకా చిన్నది. వీడు నాతో పరుగెత్తడం మానేస్తాడేమోనని. ఆ భయంతోనే మరింత మొండిగా వాదించేవాణ్ణి, తెలివి తక్కువవాణ్ణి.

గెలవడానికి ఒక చచ్చు ఉపాయం కూడా కనిపెట్టాను. నా మాట అయిపోగానే వేగం పెంచేవాణ్ణి. వాడు రొప్పుతూ జవాబివ్వలేకపోతే నేను గెలిచినట్టే. రెండో రోజుకే వాడికీ ఆ కిటుకు పట్టుబడింది. ఇంకేముంది, ఈజీ రోజులే మా ప్రాణం తీసేవి.

యూనివర్సిటీ జట్టు ఎంపిక వారంలో ఉందనగా, సారు మా మెడల మీద వేళ్లు పెట్టి నాడి చూశారు. ఈజీ పరుగుకి ఇంత దడేమిటని నిలదీశారు. నిజం చెప్పక తప్పలేదు. రేపటి నుంచి తిండి గురించి తప్ప నోరెత్తొద్దని చీవాట్లు పెట్టి పంపారు. నాలుగు రోజులు సర్వపిండి, గోంగూర చెప్పుకుంటూ పరుగెత్తాం. కాళ్లు తేరుకున్నాయి. గోంగూరలో ఉల్లిపాయ దగ్గర ఒకసారి వేగం పెరిగింది, అది వేరే సంగతి.

ఎంపికకు ముందురోజు బంద్. తార్నాక రోడ్డు మీద బస్సు లేదు, ఆటో లేదు. తాపీగా పోతుంటే నోరు జారింది.

"రాష్ట్రం వస్తే నన్ను పొమ్మంటావా?"

అడిగేసి, జవాబు వినే ధైర్యం లేక వేగం పెంచాను. వాడు వెంటపడలేదు. ఆగమని వెనక నుంచి పిలిచి, నడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"నువ్వు ఏడికి పోతవ్‌రా? నీ ఇల్లు గీడనే ఉన్నది. నువ్వు పోతే నేనెవనితోని ఉరకాలె?"

నాకు ఏడుపొచ్చేసింది. బంద్ కాబట్టి చూసేవాళ్లెవరూ లేరు.